మొదట అన్నం చూడండి



పెద్ద హోటల్లో జపాన్ భోజనం అనగానే మనవాళ్లకు రెండు సందేహాలు వస్తాయి. పచ్చి చేప ఎలా తింటాం అన్నది ఒకటి. అంత డబ్బు పెట్టడానికి అందులో ఏముందన్నది రెండోది. రెండూ అడగవలసిన ప్రశ్నలే, వాటి దగ్గరకు వస్తాను. వాటికన్నా ముందు చెప్పాలనిపించే సంగతి ఇంకొకటుంది. ఆ భోజనం బాగోగులు తేల్చి చెప్పే యోగ్యత తెలుగువాళ్లకు బోలెడంత ఉంది. అక్కడ వంటవాడి పనితనం బయటపడేది అన్నంలో. అన్నం సంగతి మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక్క మెతుకు వేళ్ల మధ్య నలిపి పలుకుందో లేదో చెప్పగల ఇళ్లలో పెరిగినవాళ్లం. కొత్త బియ్యానికి ఎన్ని నీళ్లు, పాత బియ్యానికి ఎన్ని నీళ్లు అని ఎసరు పెట్టే ముందే లెక్క చూసుకునేవాళ్లం. అందుకే ఆ మెట్లెక్కడానికి జంకవలసిన పనిలేదంటాను.

మన దేశంలో ఈ భోజనం పెద్ద హోటళ్లలోకి వచ్చిన తీరు చెప్పాలంటే ముంబై తాజ్ మహల్ ప్యాలెస్‌నే ముందు తలుచుకోవాలి. ఆ హోటల్ 1903 డిసెంబరు 16న తెరుచుకుంది. ఎదురుగా కనిపించే గేట్‌వే ఆఫ్ ఇండియా పూర్తయింది 1924లో. సముద్రం వైపు చూసే ఆ హోటల్లో, 2004లో వసాబి అనే జపాన్ రెస్టారెంటు పెట్టారు. దానికి తన పేరూ, తన వంటా ఇచ్చినవాడు మసహారు మోరిమోటో. ఆయన 1955లో హిరోషిమాలో పుట్టాడు. బేస్‌బాల్ ఆటగాడు కావాలనుకున్నాడు. భుజానికి దెబ్బ తగలడంతో ఆట వదిలి, అన్నపుముద్ద మీద చేపముక్క పెట్టి ఇచ్చే సుషీ దుకాణంలో శిష్యరికానికి చేరాడు. 1985లో అమెరికా వెళ్లి, న్యూయార్క్‌లో నోబు అనే రెస్టారెంటు వంటశాలను నడిపి, ఐరన్ షెఫ్ అనే టీవీ కార్యక్రమంతో లోకానికి తెలిశాడు. 2001లో ఫిలడెల్ఫియాలో సొంత పేరుతో రెస్టారెంటు తెరిచాడు. మూడేళ్లకు ముంబై వచ్చాడు. 2008 నవంబరులో ఆ హోటల్ మీద జరిగిన దాడి మనమెవరమూ మరిచిపోలేదు. దెబ్బతిన్న ప్యాలెస్ భాగాన్ని బాగుచేసి 2010 ఆగస్టు 15న మళ్లీ తెరిచారు. వసాబి పొయ్యి కూడా మళ్లీ వెలిగింది.

జపాన్‌లోనూ హోటళ్లకూ ఈ వంటకూ గట్టి సంబంధమే ఉంది. 1964 టోక్యో ఒలింపిక్స్ నాటికి విదేశీ అతిథుల కోసం పెద్ద పెద్ద హోటళ్లు కట్టారు. 1962లో ఒకురా, 1964లో న్యూ ఒటానీ అలా వచ్చినవే. ఒకురా హోటల్లోని యమజాతో రెస్టారెంటు తర్వాత యూరప్‌కు కూడా వెళ్లింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని యమజాతోకు 2002లో, మంచి రెస్టారెంట్లకు గుర్తింపుగా ఇచ్చే మిషెలిన్ నక్షత్రం దక్కింది.

ఇక అన్నం.

జపాన్ బియ్యం గింజ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. కోషిహికారి అనే రకం అక్కడ పేరున్నది, 1956లో విడుదలైంది. ఆ గింజలో అమైలోజ్ అనే పిండిపదార్థం తక్కువ. అమైలోజ్ ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, తక్కువుంటే మెతుకుకు మెతుకు అతుక్కుంటుంది. పప్పూ పులుసూ కలుపుకునే మనకు పొడిగా వచ్చే అన్నం కావాలి. కర్రపుల్లలతో ఎత్తుకుని తినేవాళ్లకు అతుక్కునే అన్నం కావాలి. అంతవరకూ చూస్తే వాళ్ల బియ్యానికీ మన బియ్యానికీ చుట్టరికం లేదనిపిస్తుంది. కానీ ఉంది. గుంటూరు జిల్లాలోనైనా, నిజామాబాద్ జిల్లాలోనైనా రైతు బీపీటీ అని పిలుచుకునే సాంబ మసూరి ఉంది కదా, బాపట్ల పరిశోధన కేంద్రంలో తయారై 1986లో విడుదలైన బీపీటీ 5204. దాని తల్లిదండ్రుల్లో ఒకటి మసూరి. ఆ మసూరి ఎక్కడిది? రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఒక పెద్ద ప్రయత్నం చేసింది. మన దేశమూ, మలేషియా వంటి దేశాల పొడుగు గింజ రకాలనూ, జపాన్ పొట్టి గింజ రకాలనూ కలిపి కొత్త వంగడాలు తీయాలని 1950ల్లో కటక్‌లోని వరి పరిశోధన సంస్థ కేంద్రంగా సంకరాలు జరిపించింది. ఆ ప్రయత్నంలోంచి మలేషియా రకం ఒకటీ, తైచుంగ్ 65 అనే రకం ఒకటీ కలిసి పుట్టిన పంటే మసూరి. మలేషియాలో 1965లో విడుదలై తర్వాత మన డెల్టాలకు వచ్చింది. తైచుంగ్ 65 అనేది తైవాన్ జపాన్ ఏలుబడిలో ఉన్నప్పుడు జపాన్ రకాలనే కలిపి తీసినది. అంటే మన ఇంట్లో రోజూ ఉడికే సాంబ మసూరిలో జపాన్ వరి రక్తం కొంత పారుతోంది. ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఎవరి వంట ఎవరికి పరాయిది అని వాదించే ముందు గింజల వంశవృక్షం ఒకసారి చూడాలి.

సుషీకి అన్నం సిద్ధం చేసే పద్ధతి చూస్తే మన పులిహోర కలిపే చేతులు గుర్తుకొస్తాయి. బియ్యాన్ని నీళ్లు తేటపడేదాకా కడిగి, నానబెట్టి, మామూలుకన్నా కాస్త తక్కువ నీళ్లతో వండుతారు. వేడివేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టెలో గుమ్మరిస్తారు. వెనిగర్‌లో ఉప్పూ చక్కెరా కరిగించిన నీళ్లు పైన చల్లి, చెక్క గరిటెను ఏటవాలుగా పట్టి కోసినట్టు కలుపుతారు. గింజ చితకకూడదు. పక్కన ఇంకొకరు విసనకర్రతో విసురుతుంటారు. తడి ఆరి గింజ మీద నిగారింపు వచ్చాక గుడ్డ కప్పి ఉంచుతారు. ఫ్రిజ్‌లో పెట్టరు. పెడితే గింజ గట్టిపడి చచ్చిపోతుంది. మన ఒంటి వేడి ఎంతో అంత వేడి దానిలో మిగిలి ఉండాలి. వంటవాడు మన ఎదుటే నిలబడి సుషీ చేసిచ్చే చోటును కౌంటర్ అంటారు, ఈ ఒక్క నియమం మీదే మంచి కౌంటరుకూ మామూలు కౌంటరుకూ తేడా తెలిసిపోతుంది. ఒక నగరంలో పేరున్న హోటల్లో నేను తిన్న సుషీలో చేప అమోఘం, అన్నం మాత్రం మంచుముద్ద. ఆ పూట భోజనం నాకు దండగే అయింది.

ముంబైలో మరో హోటల్లో జరిగిన సంగతి చెబుతాను. కౌంటర్ దగ్గర కూర్చున్నాం, నేనూ, మా అన్నయ్యా, వదినగారూ. అవతల నిలబడిన కుర్రాడిది డార్జిలింగ్ కొండల వైపు. మన దేశంలో ఇలాంటి కౌంటర్ల వెనుక ఆ కొండల నుంచీ, ఈశాన్య రాష్ట్రాల నుంచీ వచ్చినవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్ల శ్రద్ధ చూడముచ్చటగా ఉంటుంది. ఆ అబ్బాయి పక్కనున్న గిన్నెలోని వెనిగర్ నీళ్లలో వేళ్ల కొసలు ముంచి, అరచేతులు ఒక్కసారి చరిచాడు. ఎడమచేతి వేళ్ల మీద చేపముక్క పరుచుకుంది. కుడిచేయి చెక్కపెట్టెలోకి వెళ్లి చిన్న అన్నపు ఉండతో బయటికి వచ్చింది. అదే చేతి చూపుడువేలితో వసాబి అనే ఘాటైన పచ్చటి ముద్ద రవ్వంత తీసి చేప మీద రాశాడు. దాని మీద అన్నం పెట్టి, బొటనవేలితో మధ్యలో చిన్న గుంట నొక్కాడు, లోపల గాలి నిలవాలని. ఒకసారి తిప్పాడు, రెండు వేళ్లతో అదిమాడు, మళ్లీ తిప్పాడు. అంతా కలిపి నాలుగైదు కదలికలు. పైన కుంచెతో సోయా రసం ఒక్క పూత పూసి మా ముందున్న పలక మీద పెట్టాడు. పెట్టీ పెట్టగానే ఆ ముక్క తన బరువుకు తానే ఒక వెంట్రుకవాసి కిందికి కుంగింది. లోపల గాలి ఉన్న ముక్క అలాగే కుంగుతుందట. గట్టిగా పిసికితే కుంగదు, నోట్లో విడిపోదు.

"మొదట్లో చాలాకాలం నన్ను అన్నం దగ్గరే ఉంచారు సర్, చేప ముట్టనివ్వలేదు" అన్నాడు హిందీలో. అన్నయ్య వెంటనే, "మా అమ్మా అంతేనయ్యా, వార్చడం వచ్చేదాకా పొయ్యి దగ్గర ఇంకో పని చెప్పేది కాదు" అన్నాడు. ఆ కుర్రాడి ముఖం వెలిగిపోయింది.

అలా చేతికిచ్చిన ముక్కను వెంటనే తినాలి. ఫొటోలు తీస్తూ పది నిమిషాలు ఉంచితే అన్నం చల్లారుతుంది, చేప వెచ్చబడుతుంది, రెండూ చెడతాయి. కర్రపుల్లలు పట్టడం రాదని బెంగపడకండి. సుషీని చేత్తో తినడం జపాన్‌లో పూర్తిగా మర్యాదే. సోయా రసంలో ముంచాలనుకుంటే చేప ఉన్న వైపు ముంచాలి. అన్నం వైపు ముంచితే అది రసం పీల్చుకుని విడిపోతుంది. పక్కన పెట్టే అల్లం రేకులు ఒక ముక్కకూ మరో ముక్కకూ మధ్య నాలుక శుభ్రపడడానికి. కర్రపుల్లలు వాడితే రెండు జాగ్రత్తలు పాటించాలి. అన్నంలో వాటిని నిలువుగా గుచ్చకూడదు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు పదార్థం అందించకూడదు. రెండూ వాళ్ల అంత్యక్రియల్లో చేసే పనులు. పిండం పెట్టిన తీరును తలపించేలా విస్తట్లో వడ్డిస్తే మనకు మనసు ఎలా చివుక్కుమంటుందో వాళ్లకూ అంతే.

పచ్చి చేప సంగతికి వద్దాం. ఈ భయం అర్థం లేనిది కాదు. చేపలో పురుగులుండవచ్చు. అందుకే పచ్చిగా వడ్డించే చేపను గడ్డకట్టించాలన్న నియమాలున్నాయి. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ప్రకారం మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులు ఉంచాలి. లేదంటే మైనస్ 35 డిగ్రీల్లో గట్టిపడేదాకా ఉంచి, అదే చలిలో ఇంకో 15 గంటలు నిలవ చేయాలి. దూర సముద్రాల్లో పట్టే ట్యూనాను ఓడ మీదే మైనస్ 60 డిగ్రీల దాకా చల్లబరిచేస్తారు. కాబట్టి "మా దగ్గర గడ్డకట్టిన చేప లేదు, అంతా తాజా" అనే మాట ఎప్పుడూ మెచ్చుకోదగ్గది కాదు. చెరువు చేపా, ఏటి చేపా పచ్చిగా ఎన్నడూ తినకూడదు. కొర్రమీను కొర్రమీనులాగే పులుసులో ఉడకాలి. గర్భిణులూ, రోగనిరోధకశక్తి తగ్గినవాళ్లూ పచ్చి చేప జోలికి పోకపోవడమే మేలు. వాళ్లకు వండిన పదార్థాలు అక్కడ కావలసినన్ని ఉంటాయి.

అసలు సుషీ పుట్టింది చేపను నిలవ చేయడం కోసం. బివా సరస్సు పక్కన ఫునజుషీ అని ఇప్పటికీ చేస్తారు. చేపకు ఉప్పుపట్టించి నెలలపాటు ఉంచి, తర్వాత అన్నం కూరి ఏడాదీ ఆపైనా పులియబెడతారు. వాసన ఘాటుగా ఉంటుంది. ఈ రోజు మనం చూసే చిన్న అన్నపుముద్ద మీద చేప రూపం 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో, అంటే నేటి టోక్యోలో, స్థిరపడింది. హనయా యోహేయ్ అనే ఆయన పేరు దానికి ముడిపడి ఉంది. అప్పటికది పనివాళ్లు వీధిలో నిలబడి తినే బండి తిండి. ముద్దలు ఇప్పటికన్నా పెద్దవి. మంచు లేదు కనుక చేపను వెనిగర్‌లోనో సోయాలోనో నానబెట్టేవారు, కొన్నింటిని ఉడకబెట్టేవారు. హాండా ఊళ్లో నకానో మతజాయెమోన్ 1804లో మొదలుపెట్టిన సంస్థ, సారాయి పిప్పితో తీసిన ఎర్ర వెనిగర్‌ను ఓడల్లో ఎదోకు పంపేది. వెనిగర్ పులుపు చేతికందడంతో రోజుల తరబడి పులియబెట్టే పని తప్పింది. ఈనాడు బంగారంలా చూసే ట్యూనా పొట్టభాగాన్ని, కొవ్వు ఎక్కువని, అప్పట్లో అడిగేవాళ్లే లేరు. చలిపెట్టెలు వచ్చాక దాని జాతకం మారింది. 2019 జనవరిలో టోక్యో టొయోసు మార్కెట్ కొత్త ఏడాది వేలంలో 278 కిలోల ఒకే ఒక ట్యూనా 33 కోట్ల 36 లక్షల యెన్‌లు పలికింది. అది పండగ పూట గొప్పకోసం పాడిన పాట, రోజూ ఉండే ధర కాదు.

వసాబి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను, అది మన ఆవకు దగ్గరి బంధువు. అసలైన వసాబి చల్లని పారే నీళ్లలో పెరిగే మొక్క దుంప. చేతికి రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. సొరచేప తోలు అతికించిన పలక మీద గుండ్రంగా రుద్దితే ఘాటు పుడుతుంది, కొద్దిసేపట్లోనే ఎగిరిపోతుంది. ఆ ఘాటుకు కారణమైన పదార్థమే మన ఆవపిండిలోనూ ఉంది. ఆవపెట్టిన పనసపొట్టు కూర తిన్నప్పుడు ముక్కుపుటాలు అదిరి, కళ్లు చెమర్చి, మరుక్షణం హాయిగా ఉంటుందే, ఆ హాయి ఇదే. చాలాచోట్ల వడ్డించే పచ్చటి ముద్దలో వసాబి ఉండదు. హార్స్‌రాడిష్ అనే తెల్ల దుంప పొడి, ఆవపిండి, రంగు కలిపినది. పెద్ద హోటల్లో మాత్రం దుంపను మీ ఎదుట రుద్దమని అడగవచ్చు. ఉంటే ఆనందంగా చూపిస్తారు.

శాకాహారుల సంగతి మరీ ముఖ్యం. మా వదినగారు గుడ్డు కూడా ముట్టరు. మెనూలో ఆకు గుర్తున్న సూప్ చూపించి, వడ్డించే అమ్మాయిని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, ఇందులో నీళ్లు దేంతో కాచారు?" ఆ ప్రశ్నకు నేను చేయెత్తి నమస్కరిస్తాను. జపాన్ వంటలో చాలాభాగం దాషీ అనే కాచిన నీళ్ల మీద నిలబడుతుంది. కొంబు అనే సముద్రపు నాచును నీళ్లలో నానబెట్టి, సన్నసెగ మీద కాచి, మరిగేలోపే తీసేస్తారు. తర్వాత కత్సువోబుషీ వేస్తారు. అది ఉడికించి, పొగబెట్టి, బూజు పట్టించి, ఎండబెట్టి కొయ్యలా చేసిన చేపను చిత్రిక పట్టి తీసిన పొట్టు. మీసో అనే పులియబెట్టిన సోయా ముద్దతో చేసే సూప్‌లో, వేయించిన తోఫు మీద పోసే పలుచటి రసంలో, చివరికి కొన్ని కూరల్లో కూడా ఈ చేప నీళ్లుంటాయి. కంటికి కనబడవు. ఆ అమ్మాయి లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చి, చేప ఉందని నిజాయితీగా చెప్పింది. వదినగారికి కొంబు, ఎండు షిటాకే పుట్టగొడుగులతో వేరే సూప్ కాచి తెచ్చారు. అది వాళ్లకు కొత్త పని కూడా కాదు. బౌద్ధ మఠాల్లో షోజిన్ వంట అని శతాబ్దాలుగా చేప లేకుండా అలాగే కాస్తున్నారు. కొంబులోని రుచికి మూలం గ్లుటమేట్ అని 1908లో టోక్యోలో కికునాయె ఇకెదా అనే శాస్త్రవేత్త తేల్చాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదుల పక్కన ఉమామీ అనే రుచికి చోటిచ్చింది ఆయనే. పుట్టగొడుగులోని పదార్థం దానికి తోడైతే ఆ రుచి కొన్ని రెట్లు పెరుగుతుంది. వదినగారు గుక్క తాగి, కాసేపాగి, "ఉలవచారు కట్టు తేటలా నాలిక మీద నిలబడుతోందర్రా" అన్నారు. తర్వాత తీపి మీసో పూసి కాల్చిన వంకాయ వచ్చింది, నాసు డెన్‌గకు అంటారు. గుత్తివంకాయ తినే నోటికి అది పరాయిది అనిపించదు. దోసకాయ చుట్టలు, కూరగాయలను పిండిలో ముంచి వేయించే టెంపురా కూడా బాగుంటాయి. టెంపురా పిండిలో గుడ్డు కలుపుతారు కాబట్టి ముందే చెప్పాలి. మిరిన్ అనే తీపి మద్యం కూడా చాలా రసాల్లో పడుతుంది. వద్దనుకునేవాళ్లు అదీ చెప్పాలి.

బిల్లు మాట. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్లలో భోజనం మీద జీఎస్‌టీ 18 శాతం. విమానంలో మంచుపెట్టెల్లో వచ్చే చేప, ఏళ్ల తరబడి శిక్షణ పొందిన చేతులు, సముద్రం కనిపించే కిటికీ, అన్నీ ఆ కాగితం మీదికి ఎక్కుతాయి. ఇందులో కిటికీకి ఇచ్చే డబ్బు నాకు కాస్త బాధ, చేతులకు ఇచ్చే డబ్బు ఎప్పుడూ బాధ కాదు. ఒక మనిషి ఏళ్లు పోసి నేర్చుకున్న పనికి ధర కట్టడం నేర్చుకోవాలి, మన మంగళగిరి నేతకైనా, వాళ్ల అన్నపుముద్దకైనా. ఖర్చు తగ్గాలంటే మధ్యాహ్నం వెళ్లండి. పెట్టె భోజనం, సెట్ భోజనం రాత్రి ధరలకన్నా బాగా తక్కువలో దొరుకుతాయి, వంటశాల అదే.

వెళ్లాలనుకుంటే ఫోన్‌లోనే టేబుల్ వద్దు, కౌంటర్ దగ్గర కుర్చీ కావాలని అడగండి. శాకాహారులైతే చేప నీళ్లు లేని సూప్ కావాలని అప్పుడే చెప్పండి, కాచడానికి వాళ్లకు వ్యవధి కావాలి. కూర్చున్నాక పెద్ద పళ్లెం ఒకేసారి చెప్పకండి, ఒక్క ముక్క చెప్పండి. శాకాహారులు దోసకాయతోనో, వంకాయతోనో చేసింది అడగవచ్చు. నోట్లో పెట్టుకుని అన్నం చూడండి. వెచ్చగా ఉండి, మెతుకు మెతుకుగా విడిపోతే ఇంకో నాలుగు చెప్పండి. చల్లగా గట్టిగా ఉంటే మొహమాటపడకుండా ఆ మాట కౌంటర్ వెనుకున్న మనిషితోనే అనండి. మంచి వంటవాడైతే ఆ పళ్లెం వెనక్కి తీసుకుని కొత్త అన్నం తెస్తాడు.